వాన్యా ఎప్పుడు నిద్రలేచాడు?

పోయిన నెల ఒక వెబ్ సిరీస్ మీద వచ్చిన సమీక్షలు వరసపెట్టి నాలుగు చదివాను. నాలుగింటిలోనూ ఒకటే వాక్యం: “ఆ పాత్రలో ఆయన నటించలేదు, జీవించాడు.” చిన్నప్పట్నుంచీ చదువుతున్నదే, కొత్తేం కాదు. అయినా ఈసారి అన్నంలో రాయిలా పంటికి తగిలింది. జీవించడం ఏం గొప్ప? మా పాలవాడు జీవిస్తున్నాడు, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ జీవిస్తున్నాడు, నేనూ ఏదో జీవిస్తున్నాను. టికెట్ కొని మమ్మల్ని చూసేవాళ్లెవరూ లేరు. నటించడం కదా కష్టం!

ఈ విసుగంతా నాటకాల పిచ్చి ఉన్న ఒక స్నేహితుడి దగ్గర వెళ్లగక్కాను. వాడు అంతా విని, “ఒరేయ్, నువ్వు ‘వాన్యా ఆన్ ఫార్టీ సెకండ్ స్ట్రీట్’ మళ్లీ ఓసారి చూడు. అందులో నటులు ఎక్కడ అయిపోయారో, పాత్రలు ఎక్కడ మొదలయ్యాయో వేలు పెట్టి చూపించు. చూపిస్తే నా పేరు మార్చుకుంటా” అన్నాడు. ఎప్పుడో హాస్టల్ రోజుల్లో వాడి కంప్యూటర్లోనే సగం నిద్రలో చూసిన సినిమా. మళ్లీ చూశాను. వారంలో మూడుసార్లు చూశాను. వాడన్నట్టు వేలు పెట్టి చూపించలేకపోయాను. కానీ వాడి వాదన మాత్రం నాకు ఇంకా దూరమైంది. ఎందుకో చెప్పడానికే ఈ పోస్టు.

బెంచీ మీద కునుకు

సినిమా 1994లో వచ్చింది. ఫ్రెంచి దర్శకుడు లూయీ మాల్ ఆఖరి సినిమా అది, మరుసటేడు నవంబరులో ఆయన పోయాడు. మన దేశం మీద ‘ఫాంటమ్ ఇండియా’ డాక్యుమెంటరీ తీసినాయనే. కలకత్తా వీధుల్లో కెమెరా పట్టుకుని తిరిగినవాడికి, కెమెరా కనబడగానే మనుషులు ఎలా బిగుసుకుపోతారో, దాన్ని మరిచిపోవడానికి ఎంతసేపు పడుతుందో తెలిసే ఉంటుంది.

అయితే అసలు పని మాల్ రాకముందే మొదలైంది. 1989లో ఆండ్రే గ్రెగరీ అనే రంగస్థల దర్శకుడు కొందరు నటుల్ని పోగేసి రష్యన్ రచయిత చెహోవ్ నాటకం ‘వాన్యా మామయ్య’ రిహార్సల్స్ మొదలుపెట్టాడు. (ఇంగ్లీషులో ‘అంకుల్’ అనేస్తారు. ఆ ఒక్క మాటలో బాబాయీ మామయ్యా కలిసిపోతారు. వాన్యా, సోన్యా అనే అమ్మాయికి మేనమామ, చనిపోయిన తల్లికి తోడబుట్టినవాడు. మేనమామ అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. తల్లిలేని పిల్లా, పెళ్లీపెటాకులూ లేని మేనమామా కలిసి ఎస్టేటు చూసుకుంటూ, సంపాదించిన ప్రతి రూబులూ పట్నంలో ఉన్న ప్రొఫెసరు గారికి, అంటే ఆ పిల్ల తండ్రికి, పంపే కథ ఇది. మనకి ఎంత దగ్గరిదో ఆలోచించండి.) ఆ రిహార్సల్స్‌కి ప్రదర్శన తేదీ లేదు, టికెట్ల గోల లేదు. వేరే పనులొస్తే నటులు వెళ్లిపోయేవాళ్లు, ఖాళీ దొరికితే మళ్లీ చేరేవాళ్లు. కొన్నాళ్లకి కొద్దిమంది తెలిసినవాళ్లని పిలిచి చూపించడం మొదలైంది. ఇలా ఏళ్లు గడిచాయి. అప్పుడొచ్చాడు మాల్ కెమెరాతో.

చిత్రీకరణ జరిగింది న్యూయార్క్ 42వ వీధిలో ఉన్న న్యూ ఆమ్‌స్టర్‌డామ్ థియేటర్లో. 1903లో కట్టిన భవనం. ఒకప్పుడు జీగ్‌ఫెల్డ్ ఫాలీస్ పేరిట వందలమంది ఆటపాటలతో హోరెత్తిన చోటు. వీళ్లు వెళ్లేసరికి పాడుబడి ఉంది. స్టేజీ మీది తాళ్లని ఎలుకలు కొరికేశాయి. స్టేజీ ఎక్కితే ఎవరి ప్రాణానికీ హామీ లేదు కాబట్టి ప్రేక్షకులు కూర్చునే చోట బల్లలూ కుర్చీలూ వేసుకుని ఆడారు. పరదా లేదు, రష్యన్ కోట్లు లేవు, మేకప్ లేదు. ఇంటి నుంచి ఏం వేసుకొచ్చారో అవే బట్టలు.

ఇక ఆ మొదటి పది నిమిషాలు. జనం కిటకిటలాడే వీధి. నటులు ఒక్కొక్కరే నడిచొస్తుంటారు. వాలెస్ షాన్, అంటే మన వాన్యా, రోడ్డు మీద నిలబడి చిరుతిండి తింటుంటాడు. అందరూ లోపలికెళ్తారు. గ్రెగరీ ఇద్దరు ముగ్గురు అతిథులకి ఆ పాత భవనం కథ చెప్తుంటాడు. (అతిథుల్లో ఒకావిడ మధుర్ జాఫ్రీ. ఆవిడ కూడా నటే కదా! చూడ్డానికొచ్చినవాళ్లు కూడా నటులే అన్నమాట. మాల్ కొంటెతనం.) షాన్ అలసిపోయి ఒక బెంచీ మీద ఒరుగుతాడు. ఇంకోపక్క ఒక ముసలావిడా, ఒక నడివయసు మగాడూ కబుర్లలో పడతారు. ఏమైనా తాగుతావా అని ఆవిడ అడుగుతుంది. వద్దంటాడు. మనం పరిచయమై ఎన్నాళ్లయింది అంటాడు. ఆవిడ ఏళ్లు లెక్కపెడుతుంది. నేను బాగా మారిపోయానా అంటాడు.

ఇక్కడెక్కడో చెహోవ్ మొదలైపోయాడు. ఆవిడ దాది మరీనా, అతను డాక్టర్ ఆస్త్రోవ్. నాటకంలో మొదటి మాటలివే. నాటకం తెలిసినవాణ్ని కాబట్టి ఈసారి పట్టుకుందామని కాచుకుని కూర్చున్నాను. అయినా ఒకటి రెండు వాక్యాలు దాటిపోయాకే స్పృహ వచ్చింది. కాసేపటికి బెంచీ మీద పడుకున్నాయన లేస్తాడు. చెహోవ్ రాసిన సూచన ప్రకారం వాన్యా భోజనమయ్యాక ఒక కునుకు తీసి నలిగిన మొహంతో రావాలి. పడుకున్నది షాన్. లేచింది వాన్యా. మధ్యలో ఏం జరిగింది?

“చూశావా, ఇదీ జీవించడమంటే!” అంటాడు మా వాడు. నేనంటాను, కాదురా బాబూ, అక్కడ మాయమైంది నటుడు కాదు. “ఇప్పుడు నాటకం మొదలవుతోంది” అని చెప్పే బోర్డు మాయమైంది, అంతే. గంట కొట్టలేదు, పరదా లేవలేదు, లైట్లు ఆర్పలేదు. గుమ్మం తీసేసి “చూశావా, వరండా కాస్తా గదైపోయింది” అన్నట్టుంది వాడి మాట. వరండా వరండాలాగే ఉంది, గది గదిలాగే ఉంది.

చెంపదెబ్బ

ఇంత పట్టుగా ఎందుకు మాట్లాడుతున్నానంటే నా చెంపకో కథ ఉంది. కాలేజీ రోజుల్లో పరిషత్తు పోటీల కోసం ఒక నాటిక వేశాం. నేను తమ్ముణ్ని. అన్న వేషం వేసినవాడు మాకందరికీ హీరో. వాడు వారం రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ‘పాత్రలో ఉండేవాడు’. మెస్సులో కూడా నన్ను గుడ్లురిమి చూసేవాడు. ఓ రోజు రిహార్సల్లో కొట్టినట్టు నటించాల్సిన చోట నిజంగా లాగి కొట్టాడు. నా చెవిలో గుయ్‌మంది. తర్వాతి డైలాగు మర్చిపోయాను. అందరూ చప్పట్లు. “ఏం లీనమైపోయాడ్రా!” మాకు దర్శకత్వం చేస్తున్న మాస్టారు రిటైరైన తెలుగు పంతులు. ఆయన ఒక్కరే చప్పట్లు కొట్టలేదు. వాణ్ని పిలిచి మెల్లిగా, “నీకు కోపం వచ్చింది, సంతోషం. వెనక వరసలో కూర్చున్నవాడికి వచ్చిందా నాయనా?” అన్నారు. వాడికి అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకూ అర్థం కాలేదు. చెంప మంటలో ఉన్నాను.

మాస్టారి మాట వెనక వెయ్యేళ్ల సంగతి ఉందని చాలా తర్వాత తెలిసింది. రసం ఎవరిలో పుడుతుంది అన్న చర్చలో కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు నటుణ్ని పక్కన పెట్టేస్తాడు. రసాన్ని ఆస్వాదించేది సామాజికుడు, అంటే ప్రేక్షకుడు. మరి నటుడెవరయ్యా అంటే, ఆ ఆస్వాదనకి సాధనం. అందుకే అతన్ని ‘పాత్ర’ అంటారు, మద్యం రుచి గిన్నెకి తెలియదు కదా అంటాడు. పాత్ర అంటే గిన్నె! మనం రోజూ వాడే మాటలోనే ఈ వాదన అంతా ఉంది. గిన్నెలో జీవించడమేమిటి చెప్పండి. ఫ్రాన్సులో తత్త్వవేత్త దిదరో కూడా 1770ల్లో దాదాపు ఇదే గొడవ పెట్టుకున్నాడు, గొప్ప నటుడికి ఆ క్షణంలో చల్లని బుర్ర ఉండాలి, కన్నీళ్లు కాదని.

చెహోవ్ సంగతి మరీ తమాషా. 1899లో మాస్కో ఆర్ట్ థియేటర్ ‘వాన్యా మామయ్య’ సిద్ధం చేస్తున్నప్పుడు ఆస్త్రోవ్ వేషం ఆ థియేటర్ దర్శకుడు స్తనిస్లావ్‌స్కీదే. ఎలేనా వేషం, అంటే ఆస్త్రోవ్ మనసు పారేసుకున్న ప్రొఫెసరు గారి రెండో భార్య వేషం, నటి ఓల్గా నిప్పర్‌ది. ఆఖరి అంకంలో ఆస్త్రోవ్ ఎలేనాతో మునిగిపోతున్నవాడు గడ్డిపోచని పట్టుకున్నట్టు మాట్లాడాలని స్తనిస్లావ్‌స్కీ ఆలోచన. నిప్పర్ ఆ మాట ఉత్తరంలో రాసింది. చెహోవ్ యాల్టా నుంచి కుదరదని జవాబిచ్చాడు. అప్పటికే ఏమీ జరగదని ఆస్త్రోవ్‌కి తెలుసు, ఆఫ్రికాలో ఎండల గురించి మాట్లాడే గొంతుతోనే ఆమెతోనూ మాట్లాడతాడు, ముద్దు కూడా ఊరికే, పొద్దుపోక పెడతాడు అని. తర్వాత స్తనిస్లావ్‌స్కీకి స్వయంగా చెప్పిన సలహా ఇంకా పొట్టిది: వాన్యా ఏడుస్తాడు, ఆస్త్రోవ్ ఈల వేస్తాడు. (మన ఈలపాట రఘురామయ్య గారు గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఆ ఈల వేరు, ఈ ఈల వేరనుకోండి.) నటుణ్ని భావంలో ముంచెయ్యడం కాదు, మునుగుతున్న నటుణ్ని జుట్టు పట్టుకుని పైకి లాగుతున్నాడు రచయిత.

అల్లికలు పట్టుకున్న ముసలావిడ

ఇక్కడ కాస్త ఆగాలి. ఆ దాది వేషం వేసిన ఫీబీ బ్రాండ్ ఎవరో ఈ మూడో చూపులో గానీ వెతికి తెలుసుకోలేదు. 1907లో పుట్టిందావిడ. 1931లో న్యూయార్క్‌లో గ్రూప్ థియేటర్ పెట్టినప్పుడు మొదటి బృందంలో ఉంది. అమెరికాకి స్తనిస్లావ్‌స్కీ పద్ధతిని గట్టిగా అంటించినవాళ్లు వాళ్లే. ఇవాళ మనవాళ్లు ‘మెథడ్ యాక్టింగ్’ అని ఏ హీరో గెడ్డం పెంచినా అనేస్తున్నారు చూడండి, ఆ మాటకి పుట్టిల్లు అది. ఆ ఇంట్లోనే పెద్ద తగాదా కూడా జరిగింది. నటుడు తన సొంత దుఃఖాన్ని తవ్వి తీసి వాడాలని బృందం పెద్దల్లో ఒకడైన లీ స్ట్రాస్‌బర్గ్. 1934లో అదే బృందంలోని నటి స్టెల్లా ఆడ్లర్ పారిస్ వెళ్లి స్తనిస్లావ్‌స్కీనే కలిసి వచ్చి, అది కాదయ్యా, ఊహ ముఖ్యం, పరిస్థితి ముఖ్యం, చేసే పని ముఖ్యం అంది. బృందం రెండుగా చీలినంత పనైంది. తర్వాత 1952లో దర్శకుడు ఎలియా కజాన్, కమ్యూనిస్టుల కోసం వెతుకుతున్న అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు చెప్పిన పాత సహచరుల పేర్లలో ఫీబీ బ్రాండ్ పేరూ ఉంది. పని ఇవ్వకూడనివాళ్ల బ్లాక్‌లిస్టులో పడింది.

అంటే 1899లో మాస్కోలో ఆస్త్రోవ్ వేషం వేసిన మనిషి పాఠాలు చేతులు మారుతూ, తగాదాల్లో నలుగుతూ వచ్చి, 1994లో ఒక కూలిపోతున్న థియేటర్లో ఆస్త్రోవ్ వేషం వేసిన లారీ పైన్‌కి ఎదురుగా అల్లికలు పట్టుకుని కూర్చున్నాయి. ఆవిడ ఏమీ ‘చెయ్యదు’. తాగుతావా అంటుంది, కుట్టు చూసుకుంటుంది. ప్రొఫెసరు కీళ్లనొప్పులతో రాత్రంతా అందర్నీ పీడిస్తుంటే చంటిపిల్లాణ్ని పడుకోబెట్టినట్టు తీసుకెళ్తుంది. ఆవిడ మొహంలో దాది ఉంది. అరవై ఏళ్లు నటనంటే ఏమిటని వాదించుకుని అలసిపోయిన నటి కూడా ఉంది. రెండూ కనబడుతున్నాయి. నాకు నచ్చినది ఆ రెండూ కనబడటం.

ప్రొఫెసరు వేషం వేసిన జార్జ్ గేన్స్ అయితే మరీ. పోలీస్ అకాడమీ సినిమాల్లో మతిమరుపు కమాండెంటుగా మనందరికీ తెలిసినాయన. ఆయన నోరు తెరిచినప్పుడల్లా నాకు ఆ కమాండెంటు గుర్తొస్తూనే ఉన్నాడు. అదేమీ అడ్డం కాలేదు. ఈ ప్రొఫెసరు కూడా ఒకరకంగా అలాంటివాడే కదా, పాతికేళ్లు కళ గురించి రాసి కళంటే ఏమిటో తెలియనివాడని వాన్యా అంటాడు.

షాన్ గురించి ఒక ప్రలోభంలో నేనూ పడ్డాను. ఆయన తండ్రి విలియం షాన్ ‘న్యూయార్కర్’ పత్రికకి దశాబ్దాల పాటు సంపాదకుడు, సాహిత్యలోకంలో మహావృక్షం. 1992లో, ఈ రిహార్సల్స్ కాలంలోనే పోయాడు. ఇక్కడ వాన్యా ఏమో జీవితమంతా ఒక పెద్ద పండితుడి రాతప్రతులు మోసి, తనూ ఒక దొస్తొయేవ్‌స్కీ అయ్యుండేవాణ్నని ఏడ్చేవాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎంత బావుందో! రాత్రి పన్నెండింటికి ఈ ‘కనుగొన్న’ సంగతి మా వాడికి మెసేజి కూడా పెట్టాను. పొద్దున్న జవాబు: “అంటే షాన్ నటించలేదు, జీవించాడంటావు?” తల దించుకున్నాను. నేను ఏ తప్పు మీద పోస్టు రాద్దామని కూర్చున్నానో అదే తప్పు. కొడుకు దుఃఖం కొడుకుది. అది వాన్యాలోకి వెళ్లిందో లేదో చెప్పడానికి మనమెవరం?

పూనకం, కాపురం

అయినా మా వాడి వాదనలో ఒకటి మాత్రం నన్ను వదల్లేదు. “నాలుగైదేళ్లు అవే మాటలు, అదే మనుషులు. అది జీవితం కాకపోతే ఇంకేమిట్రా?”

కాదనలేను. వాన్యా వయసు 47. షాన్ మొదలుపెట్టినప్పుడు అంతకన్నా చిన్నవాడు, కెమెరా ముందుకొచ్చేసరికి యాభై అంచుల్లో ఉన్నాడు. అంటే మధ్యలో ఎప్పుడో వాన్యా వయసు మీదుగా నడిచి వెళ్లిపోయాడు. నాకు 47, అరవై దాకా బతికితే ఇంకా పదమూడేళ్లు, ఎలా నెట్టుకురాను అని ఆస్త్రోవ్‌ని పట్టుకుని అడిగే చోట ఆ లెక్క ఆయనకి కంఠతా వచ్చిన డైలాగూ, పోయిన పుట్టినరోజూ కూడా. జూలియన్ మూర్ మొదట్లో టీవీ సీరియల్ నుంచి వచ్చిన అమ్మాయి. మూర్ వేసిన ఎలేనాకి 27. సినిమా నాటికి ఆవిడ ఆ వయసు దాటి ఆరేళ్లయింది, పేరూ వచ్చింది. పరిచయమై ఎన్నాళ్లయింది, నేను మారానా అన్న ప్రశ్నకి ఏటేటా జవాబు పెద్దదవుతూ వచ్చి ఉంటుంది.

కానీ దీన్ని ‘జీవించడం’ అనే బదులు నా దగ్గర వేరే మాట ఉంది. మనం నటనని పొగిడేటప్పుడు మనసులో పెట్టుకునేది పూనకం. మనిషి పోయి అమ్మవారు వస్తుంది, వేపమండలు దింపాక ఆ మనిషికి ఏమీ గుర్తుండదు. వీళ్లది పూనకం కాదు, కాపురం. కాపురంలో ఇద్దరూ ఇద్దరుగానే ఉంటారు. మొదట్లో అడుగడుగునా తెలుస్తుంది పక్కన ఇంకొకరున్నారని. అయిదేళ్లకి ఒకరి చెప్పులు ఇంకొకరు వేసుకుని బయటికెళ్తారు, ఒకరి మాట మధ్యలో ఇంకొకరు అందుకుంటారు, గమనించరు కూడా. అంతమాత్రాన ఒకరు ఇంకొకరైపోలేదు. సోన్యాగా చేసిన బ్రూక్ స్మిత్, మూర్ కలిసి అర్ధరాత్రి ఒకే గ్లాసులో తాగి రాజీపడే దృశ్యం చూడండి. నవ్వు ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలైందో తెలియదు. చాలాసార్లు కలిసి నవ్వినవాళ్లకి తప్ప ఆ తడబాటు రాదు. పూనకంలో అంత చిన్న సంగతులు పలకవు.

ఇంకో మాట. అంకానికీ అంకానికీ మధ్య గ్రెగరీ వచ్చి ఇప్పుడు రాత్రయింది, ఇది భోజనాల గది అని చెప్తాడు. నటులు టీ తాగుతూ మామూలుగా మాట్లాడుకుంటారు. పూనకమే అయితే ఇక్కడ దిగిపోవాలి. మళ్లీ ఎక్కించడానికి డప్పులు కావాలి. ఇక్కడ డప్పులేమీ లేవు. కాగితపు కప్పు బల్లమీద పెట్టి మొదలుపెట్టేస్తారు.

స్థానం వారి సత్యభామ

అసలు మనకి ఈ ‘జీవించాడు’ జబ్బు ఎప్పుడు పట్టుకుందో తెలియదు. మా తాతగారి తరం ఇలా మాట్లాడలేదు. వాళ్లు “స్థానం వారి సత్యభామ” అనేవారు, “బందా వారి కృష్ణుడు” అనేవారు. ఆ షష్ఠీ విభక్తిని గమనించండి. నటుడి పేరు ముందు, పాత్ర పేరు తర్వాత, మధ్యలో ‘వారి’. ఒకాయన దగ్గర ఒక సత్యభామ ఉంది, ఇంకొకాయన దగ్గర ఇంకొక సత్యభామ. పోల్చి చూడొచ్చు, తగాదా పడొచ్చు. స్థానం నరసింహారావు గారు మగవారని అందరికీ తెలుసు. జడ విసిరి నడిచినప్పుడు సత్యభామ అని కూడా అందరికీ తెలుసు. ఒకటి తెలిసినందువల్ల రెండోది చెడలేదు. ఇక ‘వన్స్‌మోర్’ సంగతి సరే సరి. కాటి సీనైనా, ప్రాణాలు పోయే సీనైనా పద్యం బావుంటే మళ్లీ పాడించుకున్న ప్రేక్షకులు. పోయినవాడు లేచి పాడి మళ్లీ పోయాడని మా తాతగారు చెప్పి చెప్పి నవ్వేవారు. అదే తాతగారు ఆ సీన్లో కండువాతో కళ్లు తుడుచుకున్నారని అమ్మమ్మ పక్కనుంచి అందించేది.

మా వాడు దీనికి కూడా ఒప్పుకోలేదు. పద్యనాటకం వేరు, చెహోవ్ వేరు, అక్కడ రాగం ఉంది కాబట్టి నటుడు కనబడినా సర్దుకుంటుంది, ఇక్కడ మామూలు మాట, నటుడు కనబడితే చెడుతుంది అన్నాడు. బలమైన మాటే. నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి మాత్రం అడిగాను: వాన్యా పిస్తోలు పట్టుకుని ప్రొఫెసరు వెంటపడి రెండుసార్లు కాల్చి రెండుసార్లూ గురి తప్పినప్పుడు నీకు నవ్వు ఎందుకొచ్చింది? ఆ పొట్టి మనిషి, ఆ పీల గొంతు, పొద్దున రోడ్డు మీద నిలబడి తింటూ కనబడిన ఆ మొహం గుర్తుండబట్టే కదా? ఆ నవ్వు గొంతులో ఉండగానే కదా ఏడుపొచ్చింది? షాన్ మాయమైపోయి ఉంటే సగం పోయేది.

“ఆలోచిస్తా,” అన్నాడు. వాడి నోట ఆ మాట రావడమే ఎక్కువ.

ఆ థియేటర్ ఇప్పుడలా లేదు. డిస్నీవాళ్లు తీసుకుని బాగుచేసి 1997లో తెరిచారు. సింహాల నాటకం ఏళ్లకేళ్లు ఆడింది, ఇప్పుడు అల్లావుద్దీన్ నాటకం నడుస్తోంది. బంగారు పూతలు, ఎర్ర కుర్చీలు. కుర్చీలెక్కడ, స్టేజీ ఎక్కడ అన్నది ఎవరికీ సందేహం రాదు.

మూడోసారి చూస్తున్నప్పుడు మా ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పక్కన కూర్చుంది. ఏమిటిదని అడిగితే రష్యన్ నాటకం అన్నాను, అంతకుమించి చెప్పలేదు. చాలాసేపు చూసింది. ముసలావిడా డాక్టరూ మాట్లాడుకున్నారు, బెంచీ మీదాయన లేచి వచ్చి కూర్చుని తన గోడు మొదలుపెట్టాడు.

“ఇంతకీ నాటకం ఎప్పుడు మొదలెడతారండీ? కబుర్లతోనే సరిపోయేట్టుంది.”

“మొదలై పది నిమిషాలైంది.”

చేతిలో కాయ పళ్లెంలో పడేసి, “చెప్పరేం!” అని రిమోట్ తనే తీసుకుని వెనక్కి తిప్పింది. షాన్ మళ్లీ బెంచీ మీద ఒరిగాడు. ఆవిడ కళ్లు చిట్లించి అతన్నే చూస్తూ ఉంది.

“నిజంగానే నిద్రపోయాడా ఈయన?” అంది.